తోలుబంతిని ముట్టుకున్నదెవరు?

(సత్యవేడులో హాస్టలు విద్యార్థుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. అయితే నిన్న సాయంత్రం ఒక సంగతి జరిగింది. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఎంపికైన పిల్లోడొకడు వచ్చి, "సార్, నేను మానుకుంటా. మా నాయన వద్దంటా ఉండాడు. ఆట కూడు పెడతాదా అని అడగతా ఉండాడు" అన్నాడు. ఆ నాయన మాటలో తప్పేమీ లేదు. పొద్దంతా కూలి చేసి ఇల్లు చేరిన మనిషి ముందు కూడు గురించే అడుగుతాడు. ఆయన కూడా ఈ పొద్దు ఇక్కడికొచ్చినాడు. అందుకే బంతి గురించే మాట్లాడతాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. చదివిన కాలేజీ పేరు చెప్పను. రెండేళ్ళు గోలుపోస్టు వెనక నిలబడి బంతులు ఏరిచ్చినాను. బంతి నా చేతికొచ్చేది, కాలికి రాలేదు. "నీకు బూట్లు లేవు గదరా" అన్నారు. సెలవుల్లో కూలికి పోయి బూట్లు కొనుక్కుంటే, "జట్టు నిండిపోయింది" అన్నారు. ఆ ఏడు మా జట్టు కప్పు గెలిచింది. గెలిచిన రోజు ఆ బంతికి గాలి కొట్టింది నేను. ఫొటోలో మాత్రం నేను లేను. అందుకే కప్పు ఎవరు గెలిచినా ఫొటోలో ఎవరు లేరో వెతకడం నాకు అలవాటైంది.

మిత్రులారా, తోలు ముట్టుకున్నందుకే గదా మనల్ని ఊరికి ఎడంగా పెట్టింది! 1891లో శ్రీనగర్‌లోని మిషన్ స్కూలుకు టిండేల్ బిస్కో అనే టీచరు మొదటిసారి ఫుట్‌బాల్ తెచ్చినాడు. అది తోలని తెలిసి బ్రాహ్మణ పిల్లలు ముట్టుకోమన్నారు. టీచర్లను కర్రలిచ్చి చుట్టూ నిలబెట్టి ఆడించాల్సి వచ్చింది. బంతి ఒకడి మొహానికి తగిలితే, మైలపడ్డానని వాడు ఏడిస్తే, నీళ్ళ దగ్గరికి తీసుకుపోయి కడిగించినారు. ఆట మళ్ళీ సాగింది. కర్రతో నేర్పడం నాకు నచ్చదు. కానీ తోలు తగిలితే ఎవడూ మాడిపోడని ఆ పొద్దు తేలిపోయింది. కలకత్తాలో నాగేంద్రప్రసాద్ సర్వాధికారి అనే ఆయన కుమ్మరి కులం కుర్రాణ్ణి క్లబ్బులో చేర్చుకుంటే పెద్దకులాల సభ్యులు వద్దన్నారు. ఆయన ఆ క్లబ్బునే రద్దుచేసి, 1887లో శోభాబజార్ క్లబ్బు పెట్టినాడు. కుర్రాణ్ణి మాత్రం వదల్లేదు.

ఈ పొద్దుకీ జలంధర్ బస్తీల్లో, చుట్టుపక్కల ఊళ్ళలో బంతులు కుట్టి బతికే కుటుంబాల్లో దళితులు చాలామంది. కుట్టే చేతులు మనవి. తన్నే కాళ్ళు మనవి కాకూడదా?

ఇప్పుడు మన తెలుగునేల మీది ఒక పంతులు గురించి చెబుతాను. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదువుకుని, ఆడుకుని, బడిపంతులైనాడు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయినాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన పద్ధతి వినండి. పిల్లలకు పోటీలు పెట్టి, చేతకాని కాలితోనే ఆడాలనేవాడు. కుడికాలు వాటం ఉన్నోడు ఎడమకాలితో తన్నాల. బలం లేని కాలిని అలవాటు చేస్తే అది కూడా బలపడుతుందని ఆయన లెక్క. పంతులుగా నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదే. చేతకాదని వెనక్కి నెట్టినవాణ్ణి ముందు ఆడించాల.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆటను రహీం చూసినాడు. ఆ పిల్లోడికి బూట్లు కొనే శక్తి లేదు. పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర బూట్లు కుట్టించుకున్నాడు. ప్రాక్టీసుకు రావడానికి బాడుగ సైకిలు డబ్బులు రహీమే ఇచ్చినాడు. ఆ బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయినాడు, మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినాడు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన జట్టులో ఆయనున్నాడు. క్యాన్సరుతో బాధపడుతూనే ఆ జట్టును నడిపించిన రహీం 1963 జూన్‌లో చనిపోయినాడు. బలరాం రోగం వల్ల 27 ఏళ్ళకే ఆట మానేసినాడు. ఆయనతోపాటు ముందువరసలో ఆడిన పి.కె.బెనర్జీ, చునీ గోస్వామిలకు పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసినాడు. మరి ఆ బూట్లు కుట్టిన మనిషి? నేను చదివిన చోట ఆయన పేరే కనపడలేదు. ఇది కూడా ఫొటోలో లేని మనిషి కథే.

అయితే గెలిస్తే కులం పోతుందని మీకు అబద్ధం చెప్పను. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన ఆడపిల్లల హాకీ జట్టు ఓడిపోతే, దళిత క్రీడాకారిణి వందనా కటారియా ఇంటి ముందు టపాకాయలు పేల్చి కులం పేరుతో తిట్టినారు. చుండూరు సంగతి మీ అందరికీ తెలుసు. సినిమాహాల్లో దళిత యువకుడి కాలు తగిలిందన్న గొడవతో మొదలై, 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని నరికి చంపినారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కాలు తగిలిందని చంపే దేశంలో, కాలికి కాలు తగలకుండా ఆడలేని ఆట ఇది! అక్కడ తగిలితే రిఫరీ ఈల వేస్తాడు. ఎవరి కాలని అడగడు, తప్పు ఎవరిదని చూస్తాడు. రూలు అందరికీ ఒకటే. ఊళ్ళో కూడా ఆ రూలే కావాలని అడగడం మన పిల్లలు నేర్చుకోవాల. అందుకే ఆట కావాలంటున్నాను.

ఇంక ఆ నాయనకు నా జవాబు. అన్నా, ఆట ఒక్కటే కూడు పెట్టదు. చదువు మానేసి ఆడమని నేను ఏనాడూ చెప్పను. పొద్దున రెండు గంటలు చదువు, సాయంత్రం గంట ఆట. లెక్కల్లో మార్కులు తగ్గితే నన్ను అడుగు, నేనే కూర్చోబెట్టి చెబుతాను. కానీ నీ కొడుకు మానుకుంటే ఆ జాగా ఖాళీగా ఉండదు. మళ్ళా వాళ్ళే నిండిపోతారు.

ఆడపిల్లలూ వినండి. నిజామాబాద్ జిల్లా లంబాడీ తండా బిడ్డ గుగులోత్ సౌమ్య దేశం జట్టుకు ఆడింది. మీకూ ఒక బంతి కావాలని వార్డెన్ను అడగండి. ఒకరు అడిగితే తిడతారు, ఇరవైమంది అడిగితే వింటారు. బోధించు, సమీకరించు, పోరాడు అని బాబాసాహెబ్ చెప్పింది పరీక్షల కోసం మాత్రమే కాదు.

రేపు సాయంత్రం ఐదుకు గ్రౌండులో ఉంటాను. బూట్లు లేనివాళ్ళు ముందు రండి. ఈసారి ఫొటో తీసేటప్పుడు బంతి ఏరిచ్చినోణ్ణి కూడా పిలుద్దాం.

జై భీమ్!