ఎండ సోకిన చర్మము: చికిత్సల తారతమ్యము



హైదరాబాదునకు పడమట మాదాపూరున 1998లో సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభమైనది. ఆ తరువాత హైటెక్ సిటీ పేర వెలసిన మేడలలో చల్లని గదులయందు పనిచేయువారు కొందఱు; పాలమూరు మొదలగు తావులనుండి వచ్చి, ఎండలో నిలిచి ఆ మేడలను కట్టినవారు మఱికొందఱు. ఎండలో దున్నెడు మన రైతులును ఈ రెండవ తెగవారే. నేటి ప్రసంగము వారి చర్మమును గూర్చినది.

సూర్యకాంతిలో కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు కలవు. అవి యేండ్లతరబడి సోకినచో నుదుటను, చెవులమీదను, బట్టతలమీదను, ముంజేతులను గరుకు పొలుసులు పుట్టును. వైద్యులు వీనిని ఆక్టినిక్ కెరటోసిస్ అందురు. మన మేనిచాయ యొక కవచము. కావున తెల్లజాతులవారికంటె మనలో నివి అరుదు. పుట్టుకతోనే మేనును వెండ్రుకలును తెల్లనైనవారికి మాత్ర మా కవచము లేదు.

పొలుసులు ఒకటి రెండైనచో నత్రజని ద్రవముతో గడ్డకట్టించి రాల్చుదురు. పని త్వరలో ముగియును గాని, మన మేనిపై తెల్లమచ్చ మిగులవచ్చును. పెక్కులైనచో పూతమందులు కలవు. మందు పూసి వెలుగు ప్రసరింపజేయు పద్ధతియు కలదు. నెదర్లాండ్సు దేశమున 600 మందికి పైగా రోగులలో నాలుగు చికిత్సలను పోల్చి 2019లో ఫలితములు ప్రకటించిరి. ఏడాది గడచిన పిదప ఫ్లోరోయురాసిల్ పూత నూటికి సుమారు 75 మందికి గుణమిచ్చెను. ఇమిక్విమాడ్ 54 మందికి, వెలుగు చికిత్స 38 మందికి, ఇంజెనాల్ 29 మందికి మాత్రమే. చర్మపు క్యాన్సరు శంకచే ఇంజెనాల్ 2020లో ఐరోపాలో తొలగింపబడినది. ఫ్లోరోయురాసిల్ పూసినపుడు చర్మ మెఱ్ఱనై, పొక్కి, మండును. భయపడి నడుమ మానక వైద్యునితో చెప్పవలెను. గర్భిణులకు అది తగదు.

ఇక ముఖ్యవిషయము. నెల గడచినను మానని పుండు, రక్తము చిమ్ము పొలుసు, గట్టిపడి పెరుగు గడ్డ రాచపుండు కావచ్చును. దానికి పూతమందుతో కాలము పుచ్చరాదు. చిన్నముక్క తీసి పరీక్షించి, అవసరమైనచో కోసి తీయవలెను. జీడిరసముతోను సున్నముతోను కాల్చుట మఱింత కీడు. పాత కాలిన మచ్చలనుండియు మన దేశమున నిట్టి పుండ్లు పుట్టుచున్నవి. ఇట్టి రోగుల చికిత్సకు హైదరాబాదు రెడ్ హిల్సున ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి కలదు.

తలగుడ్డ, నిండుచేతుల చొక్కా, మిట్టమధ్యాహ్నము చెట్టునీడ, ఇవి చికిత్సకు ముందుగా చేయదగినవి. మీ యూర పుండును దాచుకొని తిరుగువా డున్నచో, నేడే పిలిచి మంచిమాట చెప్పి, తోడొకరి నిచ్చి ఆసుపత్రికి పంపుడు. పెద్దల మాట వానికి ధైర్యము నిచ్చును.