యూరియా తగ్గిస్తే వడ్ల నాణ్యత ఏమవుతుంది?

(మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 వానాకాలంలో యూరియా కోసం మనం చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నాం. తెల్లవారుజామున పోతే ఒకటో రెండో బస్తాలు, కొందరికి అవీ లేవు. ఇప్పుడేమో ఎరువులు తగ్గించండి, గింజ నాణ్యత పెరుగుతుందని చెబుతున్నారు. ఇందులో నిజం సగమే. అది ఏ సగమో తేల్చుకోకపోతే నష్టపోయేది మనమే.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. వరి దాన్ని మొదట పిలకలకు, ఆకుకు వాడుకుంటుంది. కంకి వేశాక ఆకులోంచి గింజకు పంపి మాంసకృత్తులుగా మార్చుకుంటుంది. నత్రజని బాగా తగ్గితే ముందు తగ్గేది కంకులు, కంకిలో గింజలు. గింజ సైజు అంతగా మారదు, పొట్టు ఎంతో గింజా అంతే. అందుకే కల్లంలో వడ్లు బాగానే కనిపిస్తాయి. తేడా మిల్లులో బయటపడుతుంది. మాంసకృత్తులు తగ్గిన గింజకు గట్టిదనం తక్కువ, నూక ఎక్కువ. అన్నం మెత్తగా ఉంటుంది, తినడానికి హాయే, కానీ పిల్లలకు అందే బలం తగ్గుతుంది. యాసంగిలో నూకకు ఎండ వేడి కూడా పెద్ద కారణం, అన్నీ ఎరువు మీద వేయొద్దు.

మా ఊళ్లో దొరికిన రెండు బస్తాలూ నాటిన కొత్తలోనే చల్లినవాళ్లున్నారు, ఒకటి దాచి చిరుపొట్ట దశలో వేసినవాళ్లున్నారు. తూకం వేసి చూడలేదు గానీ, తిండికి మర పట్టించినప్పుడు దాచుకున్నవాళ్ల బియ్యంలోనే నూక తక్కువ.

అలాగని ఎక్కువ వేస్తే నాణ్యత రాదు. ఆలస్యంగా పిలకలు వచ్చి కోత నాటికి పచ్చి గింజ మిగులుతుంది. సుడిదోమ, అగ్గితెగులు వస్తాయి. గాలివానకు పడిపోతే గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం, పక్వానికి రాని, ముడుచుకున్న గింజ 3 శాతం, దెబ్బతిన్నవి, రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు పట్టినవి కలిపి 5 శాతం దాటకూడదు. తరుగు పేరుతో మన బస్తాకు కోత పెట్టేది ఇవి చూపించే.

తగ్గించాల్సిన చోటు వేరే ఉంది. పైపాటుగా 20-20 వేయడం మానుకుందాం, భాస్వరం మొత్తం దమ్ములోనే పోవాలి. అది ఎక్కువైతే పైరుకు జింకు సరిగా అందదు. పక్క చేను పచ్చగా ఉందని మనం ఇంకో బస్తా చల్లే అలవాటు కూడా పోవాలి. ఆకు రంగు పట్టిక పెట్టి చూసి, రంగు తగ్గితేనే యూరియా వేద్దాం. చిరుపొట్ట దశ యూరియా, పొటాష్ మాత్రం ఆపొద్దు.

ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రాలకు మిగిలిన సబ్సిడీలో 50 శాతం ఇస్తామని కేంద్రం 2023లో పీఎం ప్రణామ్ పథకం తెచ్చింది. అందులో మన భూసార పరీక్షలకు ఎంతిస్తారో అడుగుదాం. ఏ గ్రేడైనా, సన్న వడ్ల 500 రూపాయల బోనసైనా గింజ పొడవు వెడల్పులు చూసి ఇచ్చేవే. లోపలి బలానికి పైసా లేదు. చిరుపొట్ట నాటికి సొసైటీ గోదాములో యూరియా ఉండాలన్నది మన మొదటి డిమాండు.

వచ్చే సమావేశానికి ప్రతి సభ్యుడూ తన భూసార పరీక్ష కాగితం తేవాలి. లేనివాళ్ల పేర్లు, సర్వే నంబర్లు రాసి అదే రోజు వ్యవసాయాధికారికి ఇద్దాం.