తెల్లజెండాకు పాస్‌వర్డ్ అక్కర్లేదు



పదిమంది కలిసి పని చేసుకోవడానికి కంప్యూటర్లు, ఫోన్లు ఎలా పనికొస్తాయో చెప్పమని ఈ వారం నన్ను అడిగారు. పనికొస్తాయని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నా ఉద్యోగమే అది. అందుకని ఇవాళ పనికిరాకుండా పోయిన సంగతులు నాలుగు చెబుతాను. వాటిలో నా పొరపాట్లూ ఉన్నాయి.

2021 జూన్ 1 నుంచి మలేసియా అంతటా పూర్తి లాక్‌డౌన్ పెట్టారు. రోజుకూలీలకు, చిన్న దుకాణాలవాళ్లకు రాబడి ఆగిపోయింది. ఆ నెలాఖరులో ఒక మాట దేశమంతా పాకింది. ఇంట్లో తిండికి లేకపోతే ఎవరి దగ్గరికీ వెళ్లి చేయి చాపనక్కర్లేదు, గుమ్మానికో కిటికీకో ఒక తెల్లగుడ్డ కట్టండి, చూసినవాళ్లు సాయానికి వస్తారు అని. మలయ్ భాషలో దీన్ని 'బెందేరా పుతిహ్' అన్నారు, అంటే తెల్లజెండా. కొద్ది రోజుల్లోనే ఫ్లాట్లలోనూ, కంపుంగుల్లోనూ తెల్లగుడ్డలు కనిపించాయి. ఇరుగుపొరుగువాళ్లు బియ్యం, గుడ్లు, నూనె, పాలపొడి తెచ్చి ఇచ్చారు. జెండా ఎత్తడమంటే ఓటమి ఒప్పుకోవడమేనని విమర్శించిన రాజకీయ నాయకులూ ఉన్నారు. జనం మాత్రం పట్టించుకోలేదు.

మా రంగంలోని కుర్రవాళ్లు కూడా వెంటనే ముందుకొచ్చారు. 'కితా జాగా', 'సంబల్ ఎస్‌ఓఎస్' లాంటివి తయారయ్యాయి. ఎవరికి ఏం కావాలో, సాయం ఎక్కడ దొరుకుతుందో మ్యాపు మీద చూపించేవి. మంచి పని. అది చూసి నేనూ మన తెలుగు కుటుంబాల కోసం ఒక పట్టిక పెట్టాను. పేరు, పేట, ఫోను నంబరు, కావలసిన సరుకులు. లింకు ఉన్నవాళ్లు ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా రాయొచ్చు. అంతా బహిరంగంగా ఉంటే నమ్మకం ఉంటుందని నా ఉద్దేశం.

మూడో రోజున ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, బియ్యం అందాయి, నీకు పుణ్యం ఉంటుంది. కానీ మా పేరు తీసెయ్యి నాయనా. మా వియ్యాలవారు చూశారు" అన్నారు.

అప్పటికప్పుడు తీసేశాను. కానీ ఆ పట్టికని ఫొటో తీసి ఎవరో వాట్సాప్‌లో ముందే పంపేశారు. దాన్ని వెనక్కి తీసుకోవడం నా చేతిలో లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సాయం చేశాననుకున్నాను, ఒక ఇంటి పరువు బజారున పెట్టాను.

తెల్లగుడ్డకీ నా పట్టికకీ తేడా ఏమిటని తరవాత ఆలోచించాను. గుడ్డని ఆ వీధివాళ్లే చూస్తారు. కట్టినవాళ్లే దాన్ని విప్పేసుకోవచ్చు, విప్పాక గుర్తేమీ మిగలదు. చదువు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. నా పట్టికలో వీటిలో ఒక్క గుణమూ లేదు.

తరవాత మార్చాను. పేర్లకు బదులు అంకెలు వేశాను. ఫోన్ నంబర్లు ఇద్దరు కార్యకర్తల దగ్గరే ఉంచి, సరుకు అందగానే ఆ వరస చెరిపేసేలా చేశాను. దాంతో ఇంకో చిక్కు వచ్చింది. "మా డబ్బు ఎవరికి చేరిందో మాకు తెలియొద్దా?" అని దాతలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వారానికి ఎన్ని ఇళ్లకు ఏమేం ఇచ్చామో లెక్క మాత్రం అందరికీ చెప్పి, పేర్లు మాత్రం చెప్పం అన్నాం. కొందరు ఒప్పుకున్నారు, కొందరు చందా మానేశారు. ఇచ్చేవాడికి లెక్క కావాలి, పుచ్చుకునేవాడికి మర్యాద కావాలి. రెండూ పూర్తిగా కుదిరే పద్ధతి నాకు ఇంతవరకు దొరకలేదు. కుదరనప్పుడు పుచ్చుకునేవాడి పక్షాన ఉండాలని మాత్రం తెలుసుకున్నాను.

ఇందులో చట్టం సాయం కూడా తక్కువే. మలేసియాలో 2010లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యాపార లావాదేవీలకు సంబంధించినది. మనలాంటి స్వచ్ఛంద గుంపులు చేసే పట్టికల విషయంలో కాపలా కాయవలసింది మన మనస్సాక్షే.

రెండో సంగతి అక్షరానిది. ఇక్కడి తెలుగువారిలో చాలామంది పూర్వీకులు విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు. పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో కొబ్బరి తోటల్లో, మరికొన్ని చోట్ల రబ్బరు తోటల్లో పనిచేశారు. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ కౌలాలంపూర్‌లోనే. ఇంత చరిత్ర ఉంది కదా, పాత కుటుంబాల జ్ఞాపకాలు సేకరిద్దామని నేనూ కొందరు మిత్రులూ అనుకున్నాం. చక్కని యూనికోడ్ తెలుగులో ఒక ఫారం తయారుచేసి, ఎంతో గర్వంగా అందరికీ పంపాను. నెల రోజుల్లో వచ్చినవి నాలుగు. వాటిలో రెండు నా స్నేహితులవే.

కారణం ఏమిటో తెలుసుకుందామని ఒక తాతగారి ఇంటికి వెళ్లాను. గంటసేపు తోట కబుర్లు, పండగలు, తమ్ముడి పెళ్లి, అన్నీ మంచి తెలుగులో చెప్పారు. మరి ఫారం ఎందుకు నింపలేదు తాతగారూ అంటే, "మాట వచ్చు బాబూ, అక్షరం రాదు. నేను చదువుకున్నది తమిళ బడిలో" అన్నారు. తోటల్లోని తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయని నేను ఎక్కడో చదివాను. చదివిందాన్ని ఫారం చేసేటప్పుడు గుర్తు చేసుకోలేదు. ఆంధ్రలో పుట్టిన నాకు తెలుగంటే తెలుగు లిపే.

ఫారం పక్కన పెట్టి, వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపమన్నాం. అప్పుడు వచ్చాయి కబుర్లు! కానీ మాటల్లో వెతకడం కష్టం. అందుకని పని పంచుకున్నాం. పెద్దలు చెబుతారు, మనవలు దాని సారాంశం మలయ్‌లోనో ఇంగ్లీషులోనో రాస్తారు, లిపి వచ్చినవాళ్లు తెలుగులో ఎక్కిస్తారు. తాత మాట మనవడు వినవలసి వచ్చింది. ఇది మేము ముందు అనుకున్నది కాదు, కాని దీనికన్నా మంచి ఫలితం ఇంకేమీ రాలేదు.

మూడోది బాధ్యత. 2021 ఫిబ్రవరిలో మలేసియాకినీ వార్తాసంస్థకు ఫెడరల్ కోర్టు 5 లక్షల రింగిట్‌ల జరిమానా వేసింది. కారణం, న్యాయవ్యవస్థ గురించి పాఠకులు రాసిన ఐదు వ్యాఖ్యలు. సంస్థ రాసినవి కావు. ఆ సొమ్ము కొన్ని గంటల్లోనే ప్రజల చందాలతో పోగయింది. నోరు విప్పే అవకాశం ఇచ్చినవాడు ఎంతవరకు జవాబుదారీ? మరీ భయపడితే తలుపులు మూసేస్తాం, అసలు పట్టించుకోకపోతే మరొకరికి హాని జరుగుతుంది. కనిపెట్టుకుని చూసే మనిషి ఉండాలి. అది జీతం లేని పని. మొదలుపెట్టే ముందే ఆ మనిషి ఎవరో తేల్చుకోవాలి.

చివరిది ముగింపు. 2021 డిసెంబరు వరదల్లో షా ఆలంలోని తామన్ శ్రీ ముదా మునిగినప్పుడు, 'మమ్మల్ని కాపాడండి' అనే సందేశాలు మా గుంపులోకి వచ్చిపడ్డాయి. ఒక నంబరుకి ఫోన్ చేస్తే, "మేము నిన్ననే బయటపడ్డామండీ" అన్నారు. సందేశం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. తెల్లగుడ్డయితే ఈపాటికి విప్పేసేవారు. అడగడానికి ఎంత సులువుగా దారి చేస్తామో, 'అయిపోయింది, అందింది' అని చెప్పడానికీ అంత సులువుగా దారి చెయ్యాలి.

ఇక్కడ మలయ్ వాళ్లు 'గోతోంగ్ రోయోంగ్' అంటారు, అందరూ చెయ్యివేసి పని చేసుకోవడం. మన ఊళ్లలోనూ ఉండేది, ఇవాళ మీ పొలంలో నేను, రేపు నా పొలంలో మీరు. ఆ పద్ధతి మనుషులకి కొత్త కాదు. మీ గుడికో, సంఘానికో, పేటకో ఏదైనా తయారుచేస్తుంటే, ముందు ఒక పెద్దావిడ పక్కన కూర్చుని చూపించండి. ఆవిడ ఎక్కడ ఆగిపోతారో చూడండి. మార్చవలసింది అక్కడే, ఆవిడని కాదు.

వచ్చేవారం మరొకరు మాట్లాడతారు. సెలవు. నమస్కారం.