100 దాటగానే బండి వణుకుతుందా? ముందు కారణం పట్టుకోండి, తర్వాతే పర్సు తీయండి
(ఎపిసోడ్ పూర్తి పాఠం)

దోహా నుంచి మాట్లాడుతున్నా. పోయినసారి వచ్చిన వాయిస్ మెసేజుల్లో ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "అన్నా, బండి 80 దాకా మెత్తగ పోతది. 100 దాటిందంటే వణుకుడు మొదలైతది. గ్యారేజీకి పోతే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నరు. ఏం చెయ్యాలె?" ఇయ్యాల దాని గురించే చెప్తా.

ముందే ఒక మాట. నేను మెకానిక్‌ని కాదు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేసి, ఇక్కడ సైట్ సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నా. కానీ తిరిగే వస్తువు ఎందుకు వణుకుతుంది, దాన్ని వరుసగా ఎట్లా వెతకాలి అన్నది ఏ ట్రేడ్‌లోనైనా ఒక్కటే. గోడకి చెమ్మ వస్తే ముందు పైపు చూస్తాం, ట్యాంకు చూస్తాం. చూడకుండా గోడ పగలగొట్టం కదా. బండికీ అంతే.

మనలో చాలామంది నడిపేవి కొత్త బండ్లు కావు. ఇంటికి శాశ్వతంగా వెళ్లిపోయేవాళ్ల దగ్గర కొన్నవి, 2 లక్షలు, 3 లక్షల కిలోమీటర్లు తిరిగినవి. అవే బండ్లలో నలుగురం కూర్చుని షమాల్ రోడ్ మీద 120లో పోతాం, సల్వా రోడ్ మీద అబూ సమ్రా దాకా పోతాం. అందుకే ఈ వణుకుని "పాత బండి కదా, అంతేలే" అని వదిలెయ్యొద్దు.

స్పీడ్ పెరిగితేనే ఎందుకు వణుకుతుంది?

చిన్న సెడాన్ టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 2 మీటర్లు ముందుకు పోతుంది. 120 స్పీడ్ అంటే సెకనుకి 33 మీటర్లు. అంటే చక్రం సెకనుకి 16, 17 సార్లు తిరుగుతుంది. నిమిషానికి దగ్గర దగ్గర 1000 చుట్లు.

ఇప్పుడు రిమ్ అంచుకి ఒకవైపు 20 గ్రాముల బరువు ఎక్కువ ఉందనుకోండి. 20 గ్రాములంటే నాలుగు చెంచాల చక్కెర. 120 స్పీడ్‌లో అది చక్రాన్ని సుమారు 4 కిలోల బలంతో బయటికి గుంజుతుంది, అదీ సెకనుకి 16 సార్లు. 60లో పోతే ఆ బలం నాలుగో వంతే, ఒక కిలో. స్పీడ్ రెండింతలైతే బలం నాలుగింతలవుతుంది, లెక్క అది. అందుకే దోహా సిగ్నళ్ల మధ్య తిరిగేటప్పుడు ఏం తెలియదు, హైవే ఎక్కగానే బయటపడుతుంది.

గ్యారేజీకి పోకముందు నాలుగు ప్రశ్నలు

ట్రాఫిక్ తక్కువుండే శుక్రవారం పొద్దున బండి తీయండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి, రాసేది వాళ్లు, నడిపేది మీరు. స్పీడ్ లిమిట్ దాటే పనిలేదు.

మొదటిది, వణుకు చేతికి తెలుస్తుందా, కూర్చున్న చోట తెలుస్తుందా? స్టీరింగ్ ఊగుతుంటే ఎక్కువసార్లు ముందు చక్రాల సంగతి. స్టీరింగ్ నిమ్మళంగా ఉండి సీటు, ఫ్లోర్ వణుకుతుంటే వెనక చక్రాలు. హైలక్స్ లాంటి వెనక చక్రాలు లాగే పికప్ అయితే కింద పొడుగ్గా ఉండే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని క్రాస్‌లు కూడా లెక్కలోకి వస్తాయి.

రెండోది, కాలు తీస్తే ఏమవుతుంది? యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వణికి, కాలు తీయగానే తగ్గితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ మీద అనుమానం. కాలు తీసినా అదే స్పీడ్‌లో అట్లాగే వణికితే టైరు, రిమ్, బ్యాలెన్స్ వైపు చూడాలి.

మూడోది, బ్రేక్ వేస్తేనే వస్తుందా? బ్రేక్ తొక్కినప్పుడే స్టీరింగ్ కొట్టుకుని, పెడల్ కాలికింద అదిరితే అది బ్రేక్ డిస్క్. అన్నిచోట్లా ఒకే మందం లేదన్నమాట. దానికి టైర్లు మార్చినా లాభం లేదు.

నాలుగోది, వణుకు బండి స్పీడ్‌ని బట్టి ఉందా, ఇంజన్ తిరిగే వేగాన్ని బట్టి ఉందా? 100లో పోతూ ఒక గేర్ తగ్గించి చూడండి. బండి స్పీడ్ అదే, ఇంజన్ మాత్రం ఎక్కువ తిరుగుతుంది. వణుకు మారకపోతే చక్రాల వైపు. మారితే ఇంజన్, దాని మౌంటింగ్‌ల వైపు. సిగ్నల్ దగ్గర డి గేర్‌లో ఆగినప్పుడు బండి అదిరి, న్యూట్రల్‌లో తగ్గితే మౌంటింగ్ అరిగి ఉండొచ్చు. హైవే మీద పోతూ పోతూ న్యూట్రల్ చెయ్యకండి, ఈ పరీక్షకి అది అవసరం లేదు.

ఇంకొకటి, గుయ్యిమని శబ్దం వస్తూ, బండి కొంచెం కుడికో ఎడమకో వంగినప్పుడు శబ్దం పెరిగి తగ్గితే వీల్ బేరింగ్ చూపించాలి.

ఈ జవాబులు కాగితం మీద రాసుకుని పోతే గ్యారేజీలో మాట మారిపోతుంది. "వణుకుతుంది, చూడండి" అంటే వాళ్లు అనుకున్నది మారుస్తారు. "105 దగ్గర సీటులో, కాలు తీసినా పోదు, బ్రేక్‌కి సంబంధం లేదు" అంటే చూడాల్సిన చోటే చూస్తారు.

పైసా ఖర్చు లేకుండా చూడగలిగినవి

పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అది మన నంబర్ కాదు.

తర్వాత టైరు తేదీ. డాట్ అనే అక్షరాల వరుసలో చివరి నాలుగు అంకెలు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు లోతుగా ఉన్నంత మాత్రాన టైరు బాగున్నట్టు కాదు. ఈ ఎండకి రబ్బరు లోపలే ముదిరిపోతుంది.

టైరు పక్కల ఉబ్బు, పగుళ్లు చూడండి. అరచేత్తో ట్రెడ్ మీద మెల్లగా రాయండి, తీగ బయటికొచ్చి ఉంటే చెయ్యి కోసుకుంటుంది కాబట్టి గ్లవ్ వేసుకోండి. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం తగిలితే షాకబ్జర్లు అరిగినట్టు అనుమానించాలి. రిమ్ లోపలివైపు టార్చ్ వేసి చూడండి. ఎడారికి పోయొచ్చిన బండిలో ఇసుక, మట్టి అక్కడ గడ్డకట్టి ఉంటుంది, అది చాలు బ్యాలెన్స్ తప్పడానికి. అతికించిన బ్యాలెన్స్ బిళ్ల ఊడిపోతే దాని జిగురు మచ్చ మాత్రం మిగులుతుంది, అది కనబడిందంటే కారణం సగం దొరికినట్టే.

సెలవు మీద రెండు నెలలు ఊరికి పోయొచ్చినోళ్లకి ఒక ముచ్చట. బండి ఒకేచోట నిలబడితే టైరు అడుగు చదునవుతుంది. 15, 20 కిలోమీటర్లు నడిపాక వణుకు తగ్గితే కంగారు లేదు. తగ్గకపోతే చూపించాలి.

బయటి అలాయ్ రిమ్‌లు వేయించినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. రిమ్ నడిమి రంధ్రం హబ్ మీద సరిగ్గా కూర్చోవాలి. ఖాళీ ఉంటే రింగ్ వేయాలి. లేకపోతే ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయించినా వణుకు పోదు.

గాలి తగ్గిస్తే మంచిదనే మాట

"ఎండాకాలం గాలి తక్కువ కొట్టించన్నా, టైరు పేలదు" అని మన క్యాంపుల్లో చాలామంది చెప్తారు. ఇది తప్పు, ప్రమాదం కూడా. గాలి తక్కువైతే టైరు ప్రతి చుట్టుకీ ఎక్కువ నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి స్టీల్ బెల్టుకీ పై రబ్బరుకీ మధ్య అతుకు వదులుతుంది.

దీనికి ప్రపంచం మొత్తానికి తెలిసిన ఉదాహరణ ఉంది, అందులో గల్ఫ్ పేరు కూడా ఉంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి వచ్చిన ఫైర్‌స్టోన్ టైర్లు. స్పీడ్‌లో ఉండగా ట్రెడ్ పొర ఊడిపోయి బండ్లు బోల్తా పడ్డాయి. సౌదీ లాంటి వేడి దేశాల్లో ఫిర్యాదులొచ్చాక 1999లోనే ఫోర్డ్ ఇక్కడి గల్ఫ్ దేశాల్లో ఆ టైర్లు మార్చడం మొదలుపెట్టింది. అమెరికాలో 2000 ఆగస్టులో 65 లక్షల టైర్ల రీకాల్ ప్రకటించారు. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో 270 మందికి పైగా చనిపోయారు. ఫోర్డ్ ఆ బండికి 26 పీఎస్ఐ గాలి చెప్పింది, ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది. తప్పు ఎవరిదన్న దాని మీద రెండు కంపెనీలూ కొట్లాడుకున్నాయి. మనకి కావాల్సిన పాఠం వేడి, తక్కువ గాలి, బరువు, స్పీడ్, ఈ నాలుగూ కలిస్తే ఏమవుతుందన్నది. వేసవిలో నలుగురితో, సామానుతో పోయే మన బండిలో ఆ నాలుగూ ఉంటాయి.

ట్రెడ్ ఊడే ముందు చాలాసార్లు టైరు ఒకచోట ఉబ్బుతుంది, బండి వణుకుతుంది. ఆ వణుకే మనకిచ్చే నోటీసు.

ఒక బండి సంగతి

మనూరి వైపు తమ్ముడు ఒకతను రాస్ లఫాన్‌లో పని చేస్తాడు. ముందు చక్రాలు లాగే సెడాన్, 2 లక్షల 60 వేలు తిరిగింది. రోజూ ఇంకో ముగ్గురిని ఎక్కించుకుని పోతాడు. 105 దగ్గర సీటు వణుకుడు. ఒక గ్యారేజీలో రెండు డ్రైవ్ షాఫ్టులు, నాలుగు షాకబ్జర్లు మార్చాలన్నారు. అంటే ఇంటికి పంపే నెల పైసలు పోయినట్టే.

పైన చెప్పిన ప్రశ్నలే అడిగిన. స్టీరింగ్ నిమ్మళం, సీటు వణుకుతుంది, కాలు తీసినా పోదు. మరి డ్రైవ్ షాఫ్ట్ ఉండేది ముందు, పైగా అది తొక్కినప్పుడు వణకాలి. లెక్క కలవలేదు. చదునైన నేల మీద ముందు చక్రాలకి అడ్డాలు పెట్టి, పి గేర్ వేసి, హ్యాండ్ బ్రేక్ తీసి, వెనకవైపు జాకీతో లేపి స్టాండ్ పెట్టినం. ఇటుక మీద స్క్రూడ్రైవర్ పెట్టి దాని మొన ట్రెడ్‌కి దగ్గరగా ఉంచి చక్రం తిప్పినం. ఎడమ వెనక టైరు ఒకచోట వచ్చి మొనకి తగులుతుంది, మిగతా చోట ఖాళీ. బెల్టు వదిలింది. పైకి చూస్తే గీతలు కొత్తవాటిలాగే ఉన్నాయి.

ఆ టైరుతో ఇంక హైవే ఎక్కలేదు. వెనక రెండు టైర్లు మార్చి బ్యాలెన్స్ చేయించినాడు, వణుకు పోయింది. షాఫ్టులు, షాకబ్జర్లు ఉన్నవే నడుస్తున్నాయి. పైసలు మిగలడం ఒకటి. ఆ బండిలో నలుగురు మనుషులు, వాళ్ల వెనక నాలుగు ఇళ్లు ఉన్నాయి, అది పెద్దది.

ఖర్చు ఏ వరుసలో?

ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చాక అదే రోడ్డు మీద అదే స్పీడ్‌లో చూడండి. ముందు గాలి, రిమ్ శుభ్రం, నట్లు. నట్లు ఎదురెదురుగా బిగించాలి, టైరు విప్పిన తర్వాత ఓ 100 కిలోమీటర్లు నడిపి మళ్లీ చూసుకోవాలి. తర్వాత బ్యాలెన్సింగ్, దగ్గరుండి మెషిన్ మీద రిమ్ వంకర తిరుగుతుందా చూడండి. టైర్లలో ఉబ్బు లేకపోతే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి, వణుకు చేతి నుంచి సీటుకి మారితే దోషం ఆ చక్రాల్లోనే ఉంది. ఇవన్నీ అయ్యాకే డిస్క్, బేరింగ్, షాఫ్ట్, బుష్‌లు. అలైన్‌మెంట్ మంచిదే, కానీ అది బండి పక్కకి లాగడానికీ టైరు అరుగుదలకీ మందు. వణుకుకి సాధారణంగా అది మందు కాదు.

"ఫాహెస్ పాసైంది కదన్నా" అంటారు కొందరు. ఇస్తిమారా రెన్యువల్‌కి అది కావాలి, చెయ్యాలి. కానీ అక్కడ మీ బండిని 120లో నడిపి చూడరు. పాసైన రోజు తర్వాత టైరు పాడవ్వదని కూడా ఎవరూ రాసివ్వరు.

ఉబ్బు కనబడినా, వణుకు రోజురోజుకీ పెరుగుతున్నా హైవే ఎక్కకండి. ఆ రోజుకి ఇంకొకరి బండిలో పోండి.

ఇంతే ఇయ్యాల్టికి. మీ బండి వణుకుతుంటే వాయిస్ మెసేజ్‌లో మూడు ముక్కలు చెప్పండి, ఎంత స్పీడ్‌లో, చేతికా సీటుకా, బ్రేక్ వేస్తేనా కాదా. వచ్చే ఎపిసోడ్‌లో వేసవికి ముందు రేడియేటర్, కూలెంట్ గురించి మాట్లాడుకుందాం. జాగ్రత్తగా నడపండి. ఉంటా మరి.