సొర ఏం తిని బతుకుతుంది?



మా పలమనేరుకు సముద్రం లేదు. మాకున్నది కౌండిన్య అడవి, అందులోంచి చేలమీద పడే ఏనుగులు. సముద్రమంటే మాకు ఐసు పెట్టెలో చెన్నై నుంచి వచ్చేదే. ఆదివారం పొద్దున వంజరం, సూర, సొర వరసగా పరచి ఉంటాయి. బేరం చేస్తాం, ముక్కలు కొట్టించుకుంటాం, పులుసు పెడతాం. అవి ఏం తిని బతికాయో మనకెందుకు? నేనూ అట్లాగే అనుకునేదాన్ని, మా పాప కాన్పుకు పుట్టింటికి వచ్చేదాకా.

బాలింతకు పాలు పడాలని మా వైపు సొర పుట్టు పెడతారు. సొరను ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చిదిపి, వెల్లుల్లి దండిగా వేసి వేయిస్తారు. మా అత్తగారయితే ఏడో నెలనుంచే మొదలుపెట్టమన్నారు. డాక్టరమ్మ మాత్రం, "సొర వద్దమ్మా, పెద్ద వేటచేపల్లో పాదరసం ఉంటుంది. చిన్న చేపలు పెట్టండి" అంది. పాదరసం జ్వరం చూసే గొట్టంలో కదా ఉండేది, చేపలో ఏమిటి అని నాకు ఆశ్చర్యం. తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే, వేటచేపల బతుకే ఒక వింత.

సూర చేపకు ఆగడమనేది లేదు. నోరు తెరచి ఈదుతుంటేనే మొప్పల్లోకి నీరు పోతుంది, ఆగితే ఊపిరాడదు. మన బతుకూ అంతే అంటారేమో! మన విశాఖ జాలర్లు కొమ్ముకోనాం అనే చేపల్లో ఒకదానికి వీపుమీద తెరచాపలాంటి రెక్క ఉంటుంది. అవి కలిసి కవళ్ళ గుంపును చుట్టేస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, కొమ్మును గుంపులోకి దూర్చి పక్కకు ఝాడిస్తాయి. ఒక దెబ్బకే చేప దొరకదు. గాయపడి అలిసిపోయినవి చివరికి చిక్కుతాయి. ఆ కొమ్ము తమాషా కాదు. 2022 ఫిబ్రవరిలో విశాఖ సముద్రంలో వలలో పడ్డ కొమ్ముకోనాం పొడిచి ఒక జాలరి ప్రాణం పోయింది.

ఇక సొర. దాని ముట్టెమీద సన్నని గుంటలుంటాయి. ఎదుటి చేప కండ కదిలినప్పుడు పుట్టే పిసరంత విద్యుత్తును అవి పసిగడతాయి. ఇసకలో దాక్కున్నా తప్పించుకోలేదు. పళ్ళు ఊడితే వెనక వరస ముందుకొస్తుంది. పాల సొర అయితే గుడ్లు పెట్టదు, మనలాగే బొడ్డుతాడుతో పిల్లల్ని మోసి కంటుంది. చూలాలికి వండిపెట్టే చేపలో ఎన్ని చూలుతో ఉన్నవో అనిపించి మనసు చివుక్కుమంది.

పాదరసం సంగతికొస్తాను. బొగ్గు పొగలోంచి, గనుల్లోంచి అది సముద్రంలో చేరుతుంది. నీటిలోని సూక్ష్మజీవులు దాన్ని ఒంటికి పట్టే విషంగా మారుస్తాయి. చిన్న చేప ఒంట్లో ఉండేది రవ్వంత. అట్లాంటివాటిని వందలుగా తిన్న పెద్ద చేప ఒంట్లో అదంతా పేరుకుంటుంది, త్వరగా బయటికి పోదు. చీటీపాటలో అందరి డబ్బూ ఒకడి చేతికి చేరినట్టు! సొర ఏళ్ళతరబడి ఆ పాట పాడుకుంటూనే ఉంటుంది. ఉడికించినా, పసుపు పూసినా, చింతపండు రసంలో నానబెట్టినా అది పోదు.

జపాన్‌లో మినమాటా అనే ఊరుంది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం అక్కడి చేపల్లో చేరి, తిన్నవాళ్ళకు నరాలు దెబ్బతిన్నాయి. 1956లో ఆ జబ్బు బయటపడింది. తల్లులు కొందరు పైకి బాగానే ఉన్నా, కడుపులోని బిడ్డలు మెదడు దెబ్బతిని పుట్టారు. అంత విషం మన బజారు చేపలో ఉందని కాదు. కానీ కడుపులో బిడ్డకు కొంచెమైనా ఎక్కువే. అమెరికా ప్రభుత్వం గర్భిణులు, పాలిచ్చే తల్లులు మానమన్న చేపల్లో సొర, కొమ్ముచేపలు ఉన్నాయి. మన వంజరానికి దగ్గర చుట్టం ఒకటీ ఉంది.

అట్లాగని చేపలే మానొద్దు. బిడ్డ మెదడుకు చేపకొవ్వు మేలే చేస్తుంది. నెత్తళ్ళు, కవళ్ళు అన్నీ చిన్నవి, పైగా చవక.

మా అత్తగారు ఊరుకున్నారా? "నువ్వు తినలేదా? నీ బిడ్డకేమయింది?" అన్నారు. "ఆ రోజుల్లో సొర ఏడాదికొకసారి కంటబడేది అత్తమ్మా, ఇప్పుడు వారంవారం వస్తోంది" అన్నాను. ఆ ఆదివారం నెత్తళ్ళతోనే పుట్టు చేశాను. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "వెల్లుల్లి తక్కువయిందే" అన్నారు. సొర మాట మళ్ళీ ఎత్తలేదు.