కెమెరా పట్టుకున్నాక ఏం తీయాలి?



ఫోటోగ్రఫీని వ్యాపకంగా పెట్టుకున్నవారికి ఏదో ఒకనాడు తప్పకుండా ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. కెమెరా చేతికొచ్చిన కొత్తలో కంటికి కనబడ్డదల్లా తీస్తాం. పిల్లలు, పూలు, సూర్యాస్తమయం, గుడి గోపురం. ఏడాదో రెండేళ్ళో గడిచాక చేయి ఆగిపోతుంది. “ఇక ఈ ఊళ్ళో తీయడానికేముంది సార్?” అంటారు. కాశ్మీరుకో కేరళకో పోతే తప్ప మంచి బొమ్మ దొరకదనే అభిప్రాయం మనసులో నాటుకుంటుంది. సెల్‌ఫోన్ పుణ్యమా అని ఇవాళ ఇంటింటా కెమెరా ఉంది గనుక, ఇది ఏ కొద్దిమంది సమస్యో కాదు.

నన్నడిగితే, అలాంటివారు కొత్త చోటు వెతకనక్కరలేదు. ఒకసారి తీసిన చోటికే మళ్ళీ వెళ్ళాలి. దీనికి పెద్ద నిదర్శనం మన బళ్ళారికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యాధికారి 1856 ప్రాంతంలో హంపీ శిథిలాలను ఫోటోలు తీశాడు. ఆయన ఉద్యోగం సైన్యంలో. ఫోటోగ్రఫీ మనలాగే వ్యాపకం. అప్పటికి ఫిలిం లేదు. మందు పూసిన పెద్ద పెద్ద కాగితాలే నెగటివ్‌లు. ఒక్కో బొమ్మకు నిమిషాల తరబడి వెలుతురు పట్టాలి. ఆ యెండలో, ఆ రాళ్ళ నడుమ అంత సరంజామా మోయించుకుంటూ తిరిగి అరవైకి పైగా నెగటివ్‌లు తయారుచేశాడు. నూటపాతికేళ్ళకు పైగా గడిచాక, 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు హంపీకి వచ్చి, గ్రీన్‌లా నిలబడ్డ చోట్లు వెతికి, అక్కడినుంచే అవే దృశ్యాలను మళ్ళీ తీశాడు.

విఠల దేవాలయం ముందున్న రాతిరథం మీకందరికీ తెలుసు. 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు మీద ఉన్నది అదే. గ్రీన్‌లా ఫోటోలో ఆ రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం ఒకటి కనబడుతుంది. తర్వాతి కాలంలో దాన్ని తీసివేశారు. ఇప్పుడు మనం నోటు మీద చూసే రథానికి పైకప్పు బల్లపరుపుగా ఉంటుంది. ఆ శిఖరం ఎలా ఉండేదో ఇవాళ మనం కంటితో చూడగలుగుతున్నామంటే ఆ సైనికుడి వ్యాపకం వల్లే.

ఈ పని మీరూ చేయవచ్చు. ఇంట్లో ఉన్న పాత ఆల్బం తీయండి. మీ నాన్నగారు కోట ముందో, బడి ముందో నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి పట్టుకొని ఆ చోటికి వెళ్ళండి. సరిగ్గా ఆ కెమెరా ఉన్న చోటు కనుక్కోవడంలోనే అసలు మజా ఉంది. ఫోటోలో దగ్గరున్న స్తంభం, దూరాన ఉన్న గోపురం ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయో చూడండి. మీ కంటికి గోపురం మరీ కుడివైపుకు జరిగినట్లుంటే మీరు ఎడమకు నాలుగడుగులు వేయాలి. ఎడమకు జరిగినట్లుంటే కుడికి వెళ్ళాలి. ఎత్తు సంగతీ అంతే. వంగితే దగ్గరి వస్తువు పైకి లేచి దూరపుదాన్ని కప్పేస్తుంది. జూమ్ తిప్పితే బొమ్మ పెద్దదవుతుందే గాని ఈ పొందిక మారదు. కాళ్ళకు పని చెప్పవలసిందే.

తర్వాత నీడలు చూడండి. మన ప్రాంతంలో మే మొదలు ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా నెలల్లో ఉత్తరానికి. అంటే గుడి ఉత్తరపు గోడ మీది బొమ్మలకు మధ్యాహ్నపు ఎండ తగిలేది ఏడాదిలో ఆ మూడు నెలల పైచిలుకు మాత్రమే. పాత ఫోటోలో నీడను బట్టి అది ఏ కాలంలో తీసిందో ఊహించవచ్చు. భూగోళం పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఇది చెబితే ఎంత ఉత్సాహపడతారో! పుస్తకంలో అయనం అంటే మాత్రం ఆవలిస్తారు.

ఊరు దాటకుండా చేసే పని మరొకటి చెబుతాను. మనది రెండు భాషల ఊరు. పాత అంగళ్ళ మీద చేతితో రాసిన బోర్డులు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. కన్నడం, తెలుగు ఒకే కుంచెతో రాసినవి. గ, ద వంటి అక్షరాలు రెండింటిలోనూ దాదాపు ఒక్కటే. తలకట్టు దగ్గరే తేడా. తెలుగులో అది టిక్కు పెట్టినట్లు లేస్తుంది, కన్నడంలో అడ్డంగా సాగుతుంది. రంగు వెలిసి తలకట్టు చెదిరిపోతే అది ఏ భాషో చెప్పడం కష్టం. అలాంటి అక్షరాలను మాత్రమే నెలరోజులు ఫోటోలు తీయమని మా తొమ్మిదో తరగతి పిల్లలకు పురమాయించాను. ఫ్లెక్సు బోర్డులు తీయరాదని షరతు. మొదటి వారం ముగ్గురే తెచ్చారు. మూడోవారానికి, ఉగ్గాని బజ్జీ హోటలు మెట్లకింద సగం పూడిపోయిన పలకను కూడా వదిలిపెట్టలేదు! కంటికి ఒక పని అప్పజెప్పితే అది వీధంతా తడుముతుంది.

హద్దు పెట్టుకోవడానికి జంకకండి. వెనక ఫిలిం చుట్టకు 36 బొమ్మలే కదా. ఫోనులో వేలకు వేలు పడతాయని తీసేకన్నా, నెలకు 36 అని గీత గీసుకోండి. చెక్ దేశపు యోసెఫ్ సుదెక్ మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్నవాడు. ప్రాగ్ నగరంలో తన స్టూడియో కిటికీనే 1940 నుంచి 1954 దాకా తీస్తూ పోయాడు. అద్దం మీద మంచు, బయట వంకర చెట్టు, అంతే. ఆ బొమ్మలను ఇవాళ్టికీ ప్రపంచం చూస్తోంది.

ఇక మనుషుల మాట. పాత ఫోటోలు తెమ్మన్నప్పుడు ఒక పిల్లవాడు, “మా అవ్వకు ఫోటో లేదు సార్, ఓటరు కార్డులో ఉన్నదే” అన్నాడు. ఆ ఇంట్లో మూడు ఫోన్లున్నాయి. పెళ్ళిళ్ళ ఫోటోలు వందలున్నాయి. వాటిలో అవ్వ ఎక్కడో వెనక వరసలో, సగం మొహం. చెప్పకుండా తీయవద్దు, అడిగి తీయమన్నాను. వద్దు పొమ్మందట రెండు మాట్లు. మూడోసారి వాకిట్లో బొరుగులు చెరుగుతూ, “తీసుకోరా, చేయి మాత్రం ఆపను” అందట. పొద్దున ఏడింటి ఎండ పక్కనుంచి పడి, చేటలోంచి లేచిన పొట్టు మెరుస్తూ వచ్చింది. రెండేళ్ళకు ఆమె పోయింది. ఇప్పుడు వాళ్ళింటి గోడ మీద ఉన్నది ఆ ఫోటోయే.

ఫోనులో ఉన్నదే చాలనుకోకండి, కాగితం మీద అచ్చు వేయించండి. వెనకవైపు పెన్సిలుతో పేరు, చోటు, తేదీ రాయండి. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే ముందువైపుకు గీత తేలుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, పాత ఆల్బంలో ఎవరెవరో గుర్తుపట్టి చెప్పగలిగినవారు ఉంటే, ఈ ఆదివారమే వారి పక్కన కూర్చోండి.