పాత ఛాయాచిత్రములు – క్రొత్త పనిముట్లు
(సంఘ మందిరమున ఆదివారపు సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



రాబోవు ఆగస్టు 29వ తేదీన, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతినాడు, మన సంఘము పాత ఛాయాచిత్రముల ప్రదర్శన జరుపదలచినదని మీకు తెలియును. పర్లాకిమిడిలో నుండి వాడుక భాషకై పోరాడిన ఆ మహనీయుని పేరు ఇట్టి గ్రాంథికములో తలచుటకు నాకే కొంత సిగ్గుగా నున్నది. కాని వేదిక యెక్కినంతనే పాత అలవాటు మీదపడును. మీ యిండ్లలోని పెండ్లి పటములను, బడి పటములను కంప్యూటరులోనికి ఎక్కించి, శుభ్రపరచి, పెద్దవిగా అచ్చు వేయించు పని మన యువకుల కప్పగింపబడినది. వారిలో పలువురికి ఇది క్రొత్త. అందుచే కార్యదర్శిగారు నన్ను నాలుగు మాటలు చెప్పుమనిరి.

ఇందుకు నాకుగల అర్హత యేమనగా, ఈ పనిలో నేనొక పెద్ద తప్పు చేసియుంటిని. కొన్నియేండ్ల క్రిందట ఒక వృద్ధులు తమ బాల్యమునాటి తెలుగు బడి పటము నా చేతికిచ్చిరి. నాలుగంగుళముల వెడల్పు, మూడంగుళముల ఎత్తు. పిల్లలు వరుసలుగా కూర్చుండిరి; వెనుక గోడపై బడి పేరు తెలుగులో వ్రాసిన పలక. నేను తొందరలో స్కానరును అంగుళమునకు 100 చుక్కల కొలతపై నుంచి పని ముగించి, పటమును తిరిగి యిచ్చివేసితిని. తరువాతి వానకాలమున వారి ఇంటి గోడ కూలి ఆ పటము మట్టిపాలయినది. నాయొద్ద మిగిలినది 400 చుక్కల వెడల్పు, 300 చుక్కల ఎత్తుగల బొమ్మ మాత్రమే. అందులో ఆ పలక యున్నది, అక్షరములు లేవు.

ఈ చుక్కలనే పిక్సెళ్లందురు. ముగ్గు వేయు ఆడపడుచులకు ఇది నేను చెప్పనక్కరలేదు: పెట్టిన చుక్కలను బట్టియే ముగ్గు. తరువాత ఎంత సాగదీసినను క్రొత్త చుక్కలు పుట్టవు. నేడు కృత్రిమ మేధతో చిత్రములను పెద్దవి చేయు సాధనములు వచ్చినవి గదా యని మీరనవచ్చును. వచ్చినవి, కాని అవి లేనిదానిని ఊహించి పూరించును. ఆ పలకపై అక్షరములవంటి గీతలను అవి గీయగలవు. అవి ఆ బడి పేరు కాజాలవు. ఈ యూర మన పిల్లలకు తెలుగు బడి యుండెననుటకు ఆ పలక సాక్ష్యము. కల్పిత సాక్ష్యము మనకు వలదు.

కావున లెక్క ముందు. చక్కని అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు కావలెను. మూడంగుళముల పటమును 600పై స్కాన్ చేసిన 1800 చుక్కలు వచ్చును. అవి ఆరంగుళముల అచ్చునకు చాలును. పండ్రెండంగుళములు కావలెనన్న 1200పై చేయుడు. పటము వెనుకవైపును కూడ మరువవద్దు. పేర్లు, సంవత్సరములు అచ్చటనే యుండును.

ఇక పనిముట్ల మాట. నాల్ సోదరుల కృషి ఫలితమైన ఫోటోషాప్ 1990లో వెలువడినది. అది రుసుము చెల్లించి వాడవలసినది. 1995లో బర్క్లీ విశ్వవిద్యాలయ విద్యార్థు లిద్దరు ఆరంభించిన జింప్ ఉచితము. మన పనికి అది చాలును గనుక దానినే చెప్పుచున్నాను.

చిత్రము తెరువగానే చేయవలసిన మొదటి పని ‘లేయర్’ నకలు తీయుట. లేయరనగా బొమ్మపై పరచిన గాజు పలక వంటిది. పైదానిపై పని చేయుడు. చెడినచో దానిని తీసివేయుడు. అడుగున అసలు భద్రముగా నుండును.

వెలిసిన పటమును చూడగానే క్రొత్తవారు ‘బ్రైట్‌నెస్’ మీట పట్టుకొందురు. దానితో పటమంతయు తెల్లబడునే గాని తేరుకొనదు. ‘కలర్స్’ పట్టికలో ‘లెవెల్స్’ తెరువుడు. అచ్చట కొండవంటి ఆకృతి యొకటి కనబడును. ఎడమ కొస నలుపు, కుడి కొస తెలుపు. వెలిసిన పటములో ఆ కొండ నడుమనే కుదించుకొని, ఇరువైపుల బయలుగా నుండును. ఎడమ త్రికోణమును కొండ మొదలగు చోటికి, కుడిదానిని అది ముగియు చోటికి జరుపుడు. నలుపు నలుపగును, తెలుపు తెలుపగును. చీర అంచులు, తలపాగా మడతలు తేలివచ్చును. నడిమి త్రికోణముతో ముఖముల ఛాయ సరిచూచుకొనుడు. ఈ యొక్కటి నేర్చిన సగము పని అయినట్లే.

గీతలకు, మరకలకు ‘హీల్’, ‘క్లోన్’ అను రెండు కుంచెలున్నవి. కంట్రోల్ మీట నొక్కి మంచి చోట క్లిక్ చేసి, పిదప గీతపై కుంచె నడపవలెను. క్లోన్ ఆ చోటిని ఉన్నదున్నట్లు తెచ్చి అతుకును. హీల్ చుట్టుప్రక్కల ఛాయకు కలిపి అతుకును. నల్లని అంచు చెంత హీల్ వాడిన మసక యేర్పడును. అచ్చట క్లోన్ మేలు. కుంచె చిన్నదిగా నుండవలెను. గీతలు తుడువుడు; మనుష్యులను తుడువవద్దు. కుటుంబ కలహముల వలన ఒక బంధువును పటమునుండి తొలగింపుమని నన్నడిగినవారు కలరు. నేను చేయలేదు.

‘సేవ్’ నొక్కిన జింప్ తన సొంత ఎక్స్‌సీఎఫ్ రూపములో దాచును. లేయర్లన్నియు అందులో నిలుచును. అచ్చు వేయువారికి ‘ఎక్స్‌పోర్ట్’ చేసి పీఎన్‌జీ ఇండు. జేపెగ్ ప్రతిసారి తెరచి, మార్చి, దాచిన కొలది కొంత వివరము పోవుచుండును.

చిత్రముల క్రింద పేర్లు తెలుగులో వ్రాయవలెను గదా. ఇచ్చట మన కొక ప్రత్యేకమైన చిక్కు. ‘స్త్రీ’ అని టైపు చేసిన, కొన్ని పాత ఫోటోషాప్ కూర్పులలో వత్తులు విడిపోయి పొల్లులుగా పడును. సెట్టింగులలో టైపు విభాగమున దక్షిణాసియా లిపులకు సంబంధించిన ఎంపికను మార్చిన గాని కుదురదు. జింప్‌లో యూనికోడ్ తెలుగు ఫాంటు ఎన్నుకొన్నచో ఈ బాధ లేదు. ఏది వాడినను, అచ్చునకు పంపుటకు ముందు తెలుగు చదువగల పెద్ద లొకరికి చూపుడు. అచ్చు వేయువారికి మన లిపి రాదు. విరిగిన వత్తును వారు గుర్తింపలేరు.

వచ్చు ఆదివారము ఉదయము స్కానరు ఇచ్చటనే యుండును. పటములను అద్దమునుండి ఊడదీయక, ఉన్నవానిని ఉన్నట్లే తెండు. అతుకుకొన్నవి లాగిన చిరుగును. మీ యెదుటనే స్కాన్ చేసి అప్పుడే తిరిగి యిత్తుము. ఇంకొక్క మాట. బడి పటములు పిల్లలందరికిని ఒక్కొక్క ప్రతి యిచ్చుట ఆనాటి వాడుక. ముందు వరుస నడుమ ఒక బాలుడు పలకను గుండెకు హత్తుకొని యుండును. వెనుక గోడపై బడి పేరుండును. అట్టి పటము ఎవరి పెట్టెలో నైనను కనబడిన, దయచేసి నాకు కబురు పంపుడు. నేనే మీ యింటికి వచ్చెదను.